31 అడుగుల ట్రైలర్ నుంచి 17 అడుగులకు: సామాను ఎలా పడుతుంది?

ప్రశ్న:

నమస్తే అండీ. మేము డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు 31 అడుగుల బంక్‌హౌస్ ట్రైలర్ కొన్నాం, అంటే పికప్ వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటిది, పిల్లలకు ఒకదానిపై ఒకటి మంచాలు ఉంటాయి. తొమ్మిదేళ్ళు బాగా తిరిగాం. ఇప్పుడు అబ్బాయి ఉద్యోగంలో చేరాడు, అమ్మాయి కాలేజీలో ఉంది. మావారికి నడుం నొప్పి మొదలయ్యాక అంత పెద్దది వెనక్కి పెట్టడం కష్టమవుతోంది. అందుకే దాన్ని అమ్మేసి 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ తీసుకుందామనుకుంటున్నాం. ఒకటి చూశాం కూడా. స్టిక్కర్ మీద సామాను 800 పౌండ్లు దాటకూడదని ఉంది. వచ్చే వేసవిలో ఎల్లోస్టోన్, గ్లేసియర్ నేషనల్ పార్కులకు వెళ్ళాలని మా కోరిక. నా టెన్షన్ అంతా సామాను గురించే. ఉన్నదాంట్లోనే పట్టడం లేదు, దీంట్లో ఎలా పడుతుంది? మావారేమో సగం పికప్ వెనక వేద్దాం, సైకిళ్ళు ట్రైలర్ బంపర్‌కి కడదాం, మిగిలింది స్టోరేజ్ యూనిట్ అద్దెకు తీసుకుని పెడదాం అంటారు. ఏదీ తీసేయనివ్వరు. "పిల్లలు వస్తేనో?" అంటారు. వెట్ గ్రైండర్, కుక్కర్లు, ఊరగాయ జాడీలు నావి కూడా తక్కువేం లేవు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్లేనో, టెక్సాస్

సమాధానం:

మీ ఉత్తరం చదువుతుంటే ఆరేళ్ళ కిందటి మా ఇల్లే కళ్ళ ముందు కనిపించిందండీ. మేము కూడా 29 అడుగుల ట్రైలర్ అమ్మి 19 అడుగులదానికి మారాం. అప్పుడు నేను చేసిన మొదటి పని మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పన్నెండు కొనడం. ఒక్కోదానికీ పేరు రాసి అంటించాను. కొత్త ట్రైలర్ వచ్చాక వాటిని లోపల పేర్చి చూస్తే మంచం దగ్గరకు వెళ్ళడానికి దారి లేదు. ఏడు డబ్బాలు వెనక్కి ఇచ్చేశాం. అందుకే ముందుగా ఈ మాట: డబ్బాలు, హుక్కులు, వేలాడదీసే అరలు, ఇవేవీ ఇప్పుడే కొనకండి.

మీరు చోటు గురించి అడిగారు. చిన్న ట్రైలర్‌లో చోటు కంటే ముందు అయిపోయేది బరువు. అరలో ఇంకా ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, ఇరుసు మాత్రం మోయగలిగినంతా అప్పటికే మోస్తూ ఉంటుంది. మీరు చెప్పిన 800 పౌండ్లనే తీసుకుని లెక్క వేద్దాం. ఆ పసుపు స్టిక్కర్ మీదే ఇంకో వాక్యం ఉంటుంది, ట్యాంకు నిండా నీళ్ళు పోస్తే ఎంత బరువవుతుందో. ఆ నీళ్ళు కూడా ఈ 800లోకే వస్తాయి. గ్యాలన్ నీళ్ళు సుమారు 8.3 పౌండ్లు. 25 గ్యాలన్ల ట్యాంకు నింపితే 208 పౌండ్లు అక్కడే పోయాయి. బ్యాటరీని డీలరు తర్వాత బిగించి ఉంటే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇంకో 50 తీసేయండి. ఇక మీ బట్టలు, గిన్నెలు, తిండి, పక్కబట్టలు, పనిముట్లు, గొట్టాలు, కుర్చీలు అన్నీ కలిపి 540 పౌండ్లలో ఉండాలి. ఇద్దరికి ఇది తక్కువేమీ కాదు, హాయిగా సరిపోతుంది. నలుగురి సామానుకే చాలదు. మీ సమస్యంతా ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

బరువును ఇంతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. మీ పాత ట్రైలర్‌కు రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు ఉండి ఉంటాయి. ఒక టైరు పేలితే పక్కది రోడ్డు పక్కకు చేరేదాకానైనా మోస్తుంది. 17 అడుగులదానికి ఒకటే ఇరుసు, పక్కకు ఒక్కటే టైరు. ఆ ఆసరా లేదు. పాతది కొంటుంటే టైరు మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు మీద గాడులు ఎంత బాగున్నా, ఐదారేళ్ళు దాటితే మార్చేయండి. ట్రైలర్ టైర్లు అరిగిపోవడం కంటే ముందే పాతబడిపోతాయి.

"సగం పికప్ వెనక వేద్దాం" అన్న మీవారి మాట కొట్టిపారేయాల్సింది కాదు. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద, అంటే పికప్‌కు ట్రైలర్‌ను తగిలించే చోట, మోపే బరువును టంగ్ వెయిట్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. పాతది సామానుతో 7,000 పౌండ్లు తూగితే 700 నుంచి 1,050 పౌండ్ల దాకా పికప్ నెత్తినే ఉండేది. కొత్తది 3,500 అనుకుంటే 350 నుంచి 525. ఆ తేడా అంతా ఇప్పుడు పికప్‌కు మిగిలినట్టే. అయితే ఎంత మిగిలిందో ఊహించుకోకూడదు. డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. ఉదాహరణకు 1,500 అని ఉందనుకోండి. మీ ఇద్దరికీ 300, టంగ్ వెయిట్ 450, హిచ్ సరంజామాకు 80, పికప్ వెనక కప్పు బిగిస్తే దానికి 180 తీసేస్తే 490 మిగిలింది. ఇందులో రెండు సైకిళ్ళు, కుర్చీలు, జనరేటర్, పనిముట్ల పెట్టె నిక్షేపంగా వెళ్తాయి. మీ స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటుంది, మీరు దానితోనే లెక్క వేసుకోండి.

లెక్కలు కాగితం మీద ఎన్నైనా వేయొచ్చు, తూకం వేసి చూడడమే అసలు పని. ఇంటర్‌స్టేట్ పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు ఉంటుంది. లారీలు నిలబడే తూకం అది, మనమూ వెళ్ళొచ్చు. పికప్ ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ మూడో పలక మీద వచ్చేలా ఆపాలి. చీటీలో మూడూ విడివిడిగా వస్తాయి. పాత ట్రైలర్ అమ్మకముందే, మామూలుగా ప్రయాణానికి ఎలా సర్దుతారో అలాగే సర్ది ఒకసారి తూచండి. తర్వాత సామానంతా దించేసి మళ్ళీ తూచండి. రెండు చీటీలకూ మధ్య ఎంత తేడా వస్తే, ఇన్నాళ్ళూ మీరు అంత సామాను లాగుతున్నట్టు. మాకు 1,140 పౌండ్లు వచ్చింది. మావారు ఆ చీటీని రెండుసార్లు చదివి, మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నారు. అంతకుముందు నెల రోజులుగా మా ఇంట్లో నడిచిన వాదన ఆ రోజుతో ఆగిపోయింది. అందుకే మీవారితో మాటలతో గెలవాలని చూడకండి. ఆయన్ను తూకానికి తీసుకెళ్ళండి.

సైకిళ్ళను ట్రైలర్ బంపర్‌కి కట్టడం మాత్రం వద్దే వద్దు. చాలా ట్రైలర్ల వెనక ఉండే ఆ నాలుగంగుళాల చదరపు గొట్టం పలుచని ఇనుము. మురుగు గొట్టం దాచుకోవడానికి పనికొస్తుంది గానీ బరువు మోయడానికి చేసింది కాదు. దాని మీద సైకిళ్ళు తగిలించే రాక్ బిగించవద్దని చాలా కంపెనీలు ట్రైలర్‌తో వచ్చే పుస్తకంలోనే రాస్తాయి. గుంతల రోడ్డు మీద రాక్ ఎగిరి ఎగిరి పడుతుంటే అతుకు దగ్గర పగులుతుంది. పైగా ట్రైలర్ తోక మీద బరువు పెరిగేకొద్దీ ముందు టంగ్ వెయిట్ తగ్గుతుంది. అది 10 శాతం కంటే కిందికి పోతే, పక్క నుంచి పెద్ద లారీ దాటినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఒక్కసారి ఆ ఊపు చూసినవాళ్ళు మళ్ళీ వెనక బరువు పెట్టరు. సైకిళ్ళు పికప్‌లోనే.

హిచ్ గురించి కూడా ఒక మాట. పాత ట్రైలర్‌కు వాడిన వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బార్లు, అంటే హిచ్ మీది బరువును మిగతా చక్రాలకూ పంచే ఇనుప కడ్డీలు, ఎక్కువ బరువుకు లెక్కకట్టినవి. చిన్నదానికి అవే వాడితే మరీ బిగుసుగా ఉండి ట్రైలర్‌ను కుదిపేస్తాయి. పాతదానితో పాటే ఇచ్చేయండి, కొనేవాళ్ళకూ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. "పిల్లలు వస్తేనో?" అన్న మాట.

మా పాత ట్రైలర్ ఖాళీ చేసిన రోజు పై బంకు పక్కన అరలో చిన్న వాన బూట్లు దొరికాయి. పసుపు రంగువి, బొటనవేలి దగ్గర తెల్లగా పాలిపోయాయి. తిరగేస్తే లోపలి నుంచి ఇసుక రాలింది, పోర్ట్ అరాన్సస్ బీచ్ ఇసుక. ఆ బూట్లు వేసుకున్న పిల్ల అప్పటికి కారు నడుపుతోంది. మావారు వాటిని చేతిలో పట్టుకుని ట్రైలర్ మెట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయారు. ఆ తర్వాత ఒక్కో బంకు కిందా అలాంటివే. ఇసుకలో ఆడుకునే బకెట్లు, సగం పెన్సిళ్ళ డబ్బా, నలుగురికి నాలుగు లైఫ్ జాకెట్లు, అందులో రెండు ఇక ఎవరికీ పట్టవు. మేము సామాను అనుకుంటున్నది చాలావరకు పిల్లల చిన్నతనమే అని ఆ రోజు అర్థమైంది. అది పారేయమని ఎవరైనా అంటే ఆయనకు కోపం రాదా చెప్పండి.

కాబట్టి మీవారిని "పారేద్దాం" అని అడగకండి. "ఇంటికి తెచ్చుకుందాం" అనండి. బూట్లు ఇప్పుడు మా హాల్లో పుస్తకాల అరలో ఉన్నాయి. ఇంట్లో వాటికి చోటుంది. ట్రైలర్‌లో ఉండాల్సింది మాత్రం ఈసారి ప్రయాణానికి కావలసినవే. పిల్లలు నిజంగా వచ్చే రోజుల కోసం ఒక మంచి టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు, రెండు పలుచని పరుపులు ఒకే సంచిలో కట్టి గరాజ్‌లో పెట్టండి. వాళ్ళు వస్తామన్న రోజున ఆ సంచి పికప్ ఎక్కుతుంది, రాని రోజున గరాజ్‌లోనే ఉంటుంది. ఇరవై ఏళ్ళ పిల్లలు అమ్మానాన్నల మంచం పక్కన బంకులో కంటే టెంటులోనే ఇష్టంగా పడుకుంటారు. ఒకే సైటులో ట్రైలర్‌తో పాటు టెంటు వేయనిస్తారా అన్నది క్యాంప్‌గ్రౌండ్‌ను బట్టి ఉంటుంది, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న ట్రైలర్లనే రానిస్తారు, టెంటు కుదరదు.

మిగిలిన సామాను ఏది ఉంచాలి, ఏది వద్దు అన్నదానికి మేము వాడిన పద్ధతి చాలా సులువు. పాత ట్రైలర్‌లో ఉండగానే ప్రతి వస్తువుకూ చిన్న రంగు టేపు ముక్క అంటించాం. గరిటెకు, దుప్పటికి, స్క్రూడ్రైవర్‌కు, అన్నిటికీ. వాడినప్పుడు ఆ టేపు ఊడదీయాలి. అంతే నియమం. మూడు ప్రయాణాల తర్వాత ఇంకా టేపుతో ఉన్నవి మాకు అక్కర్లేనివి. ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండర్, టైరు మార్చే సామాను, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ లాంటివాటికి ఈ నియమం వర్తించదు. అవి వాడకపోవడమే మనకు కావలసింది. మిగతావాటిలో మాకు సగానికి పైగా టేపులు అలాగే ఉండిపోయాయి. ఎనిమిది మడత కుర్చీలుంటే నాలుగింటికి టేపు ఊడలేదు. కాఫీ చేసే పరికరాలు మూడు ఉన్నాయి, రోజూ వాడింది స్టీలు ఫిల్టర్ ఒక్కటే.

ఇక వంటిల్లు. ఇక్కడ మీకు నేను కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా సామానూ ఇలాంటిదే.

గ్రైండర్ ఇంట్లోనే ఉంచండి. రాళ్ళతో కలిపి ఇరవై, పాతిక పౌండ్లు ఉంటుంది, పైగా వారానికి ఒక్కసారి వాడేది. బయలుదేరే ముందురోజు రుబ్బుకుని పిండి తీసుకెళ్ళండి. రెండు లీటర్ల డబ్బాలో లీటరు పిండే పోయండి. ప్రయాణంలో కుదుపుకు, పగటి వేడికి పిండి పొంగుతుంది. నేను ఒకసారి నిండుగా పోసి ఫ్రిజ్‌లో పెడితే, అమరిల్లో దాటేసరికి మూత లేచి పిండి ఫ్రిజ్ తలుపు రబ్బరు సందుల్లోకి కారింది. ఆ రబ్బరు మడతల్లో ఎండిన పిండిని పుల్లతో గీకడానికి ఒక సాయంత్రం పట్టింది. చిన్న ట్రైలర్ ఫ్రిజ్ మూడు, నాలుగు ఘనపుటడుగులే ఉంటుంది కాబట్టి పిండి మూడు రోజులకు మించి తీసుకెళ్ళకండి. ఆ తర్వాత ఉప్మా, పులిహోర, పెసరపప్పు కిచిడీ. పెరుగు రోజూ చిన్న గిన్నెలో తోడు పెట్టుకుంటే పెద్ద డబ్బా అక్కర్లేదు.

కుక్కర్ మాత్రం తీసుకెళ్ళండి. మూడు కాదు, మూడు లీటర్లది ఒకటి. ఎల్లోస్టోన్ సరస్సు సుమారు 7,700 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే గంట గడిచినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. ఆ ఎత్తులో పప్పన్నం తినాలంటే కుక్కర్ కావాల్సిందే, దాని బరువు మోసినందుకు నష్టం లేదు.

పోపుల పెట్టె మీద నాకు చాలా ప్రేమ. పెళ్ళప్పుడు అమ్మ ఇచ్చింది. అయినా ట్రైలర్‌లో అది పనికిరాదు. లోపలి గిన్నెలకు విడివిడిగా మూతలుండవు. రెండు వందల మైళ్ళు పోయాక తెరిస్తే ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు అన్నీ ఒకటై కూర్చున్నాయి. ఇప్పుడు మరమూతలున్న చిన్న సీసాలు ఏడు ఒక గుడ్డసంచిలో పెడతాను. ఆవకాయ కూడా జాడీతో వద్దు. బండి కదులుతున్నంతసేపూ నూనె పైకి ఎక్కి మూత మర దగ్గర నుంచి ఊరుతుంది. ఆ ఎర్రనూనె చెక్క అరకు అంటితే ఇక పోదు. పావు కిలో పట్టే సీసాలోకి తీసి, మూత కింద ప్లాస్టిక్ కాగితం ఒకటి వేసి బిగించి, సీసాను ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టండి. కారినా గ్లాసులోనే ఉంటుంది. బియ్యం ఇద్దరికి పూటకో కప్పు చొప్పున పది రోజులకు తొమ్మిది పౌండ్లు చాలు, 20 పౌండ్ల బస్తా ఎత్తుకెళ్ళకండి. గ్లేసియర్ ఉన్న మోంటానాలో సోనా మసూరి దొరకదేమోనన్న భయం నాకూ ఉండేది, అందుకే కొలిచి తీసుకెళ్ళమంటున్నాను.

మన ఇళ్ళలో ఉన్న వస్తువుల్లో కొన్ని ఈ పనికే చేసినట్టుంటాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే స్టీలు గిన్నెల సెట్టు, పైన పళ్ళెమే మూత. నాలుగు గిన్నెల క్యారియర్ ఒకటి ఉంటే మిగిలిన కూరలు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ డబ్బాలే అక్కర్లేదు, అది నిలువుగా ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ పక్క సందులో పడుతుంది. గిన్నెల మధ్య పలుచని గుడ్డ వేస్తే దారిపొడవునా చప్పుడు ఉండదు. తువ్వాళ్ళ సంగతీ అంతే. ఇక్కడి మందపాటి టర్కీ టవల్ ఒకటి ఆరడానికి రోజంతా పడుతుంది, చిన్న బాత్రూంలో అసలు ఆరదు, వాసన వస్తుంది. మనవైపు నేత తుండుగుడ్డలు అరగంటలో ఆరతాయి. నాలుగు కలిపి మడిస్తే ఒక టవల్ అంత చోటు కూడా పట్టదు. పెద్ద కంఫర్టర్ బదులు ఒక బొంత, రెండు పలుచని దుప్పట్లు తీసుకెళ్ళండి. చలి ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి.

కరెంటు సంగతి కూడా వంటతో ముడిపడి ఉంది. చిన్న ట్రైలర్లు సాధారణంగా 30 ఆంప్స్‌వి, అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, ఇండక్షన్ స్టవ్‌కి 1,800, ఎలక్ట్రిక్ కుక్కర్‌కి 1,000. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అందుకని ఇండక్షన్ స్టవ్, ఎలక్ట్రిక్ కుక్కర్ రెండూ మోసుకెళ్ళడంలో అర్థం లేదు, రెండింటిలో ఒకటి ఎంచుకోండి. మీ పాతది 50 ఆంప్స్‌ది అయితే దాని తీగ, సర్జ్ ప్రొటెక్టర్ కొత్తదానికి సరిపోవు, అవి కూడా పాతదానితోనే పోనివ్వండి.

సర్దేటప్పుడు బరువైనవి కిందికి, ఇరుసుకు దగ్గరగా, కాస్త ముందుకు. తేలికైనవి పై అరల్లోకి. పై అరలు చూడడానికి గట్టిగా కనిపిస్తాయి గానీ, డబ్బా కూరగాయలు, నూనె డబ్బాలు అక్కడ పెడితే మరలు వదులవుతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు ఖాళీ అయినా అంతే చోటు ఆక్రమిస్తాయి. గుడ్డసంచులైతే గుండ్రటి గోడల పక్కన కూడా ఒదుగుతాయి, ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌కు మూలలన్నీ వంపులే కదా. మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఎంత చోటు కొరత ఉన్నా ఒకచోట పెట్టకండి. పెట్రోలు క్యాను, విడి ప్రొపేన్ సిలిండర్, జనరేటర్ ఏవీ ట్రైలర్ లోపల ఉండకూడదు.

చిన్న ట్రైలర్‌కు మారినవాళ్ళు చాలామంది క్యాంపుకు చేరాక సగం సామాను బయట బల్ల కింద, గొడుగు కింద పెట్టేస్తారు. టెక్సాస్‌లో అది చెల్లుతుంది. మీరు వెళ్తానన్న రెండు పార్కుల్లో చెల్లదు. అక్కడ తిండే కాదు, కూలర్, స్టవ్, వాడిన గిన్నెలు, చెత్తసంచి కూడా వాడనప్పుడు గట్టి గోడల లోపలో, ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలోనో ఉండాలి. రాత్రి పడుకునేటప్పుడు అవన్నీ ఎక్కడికి వెళ్తాయో ఇప్పుడే అనుకోండి. లోపలికే వస్తాయి, నడిచే దారిలో. వాటి మీద నుంచి దాటుకుంటూ రాత్రి బాత్రూంకి వెళ్ళగలరా? మీవారి నడుం నొప్పితో ఇది చిన్న విషయం కాదు. ఆ ఒక్క రాత్రిని ఊహించుకుని సామాను తగ్గించండి.

గ్లేసియర్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కంటే పొడవు, 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న వాహనాలను రానివ్వరు. పొడవు బంపర్లతో కలిపి, వెడల్పు అద్దాలతో కలిపి చూస్తారు. కాబట్టి 17 అడుగులది అయినా ట్రైలర్‌ను క్యాంపులో వదిలి పికప్‌తోనే వెళ్ళాలి, వెనక రాక్ తీసేసి, ట్రైలర్ కోసం బయటికి లాగిన అద్దాలు ముడుచుకుని. ఇక మన టెక్సాస్‌లోనే అయితే చిన్న ట్రైలర్‌కు తెరుచుకునే దారులు ఉన్నాయి. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో చిసోస్ బేసిన్ రోడ్డుకు 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దని పార్కువాళ్ళే చెబుతారు. ట్రైలర్ పేరులో ఉన్న 17 అన్న అంకె ఒక్కోసారి పెట్టె పొడవే అవుతుంది, ముందున్న హిచ్ భాగం లెక్కలోకి రాదు. మీరే టేపుతో కొలవండి.

స్టోరేజ్ యూనిట్ వద్దు. సామాను కళ్ళకు కనిపించకపోతే నిర్ణయం వాయిదా పడుతూనే ఉంటుంది, అద్దె నెలనెలా పోతూనే ఉంటుంది. గరాజ్‌లో ఒక గోడకు అర వేయించి, ఎండాకాలానికి ఒక సంచి, చలికాలానికి ఒకటి, పిల్లల టెంటు సంచి, చేపల సామాను ఉంటే దానికి ఒకటి పెట్టుకోండి. ప్రయాణాన్ని బట్టి ఏది కావాలో అదే ఎక్కించాలి. ఆ అర నిండిందంటే ఇంకోటి వేయించకుండా ఏదో ఒకటి ఎవరికైనా ఇచ్చేయండి. కొత్తగా ట్రైలర్ కొన్న మనవాళ్ళు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మా లైఫ్ జాకెట్లు, నాలుగు కుర్చీలు అలాగే ఒక చిన్నపిల్లల ఇంటికి వెళ్ళాయి.

కొనేముందు ఇంకోసారి వెళ్ళి చూడండి. ఈసారి మీ కుక్కర్, మీవారి పనిముట్ల పెట్టె, ఒక బట్టల సంచి పట్టుకెళ్ళండి. అర లోపల ఎంత పెద్దదైనా దాని తలుపు చిన్నదైతే కుక్కర్ పట్టదు, ఆ సంగతి బొమ్మల్లో తెలియదు. మంచం కింద అరను బయటి నుంచి తెరిచే వీలుందా చూడండి. ఉంటే మీవారు వంగి, పరుపెత్తి తీయాల్సిన పని ఉండదు. తలుపు వేసుకుని ఇద్దరూ గంటసేపు లోపలే కూర్చోండి. వాన రోజున అలాగే ఉంటుంది. ఒకరు లేచి టీ పెట్టుకోవాలంటే ఇంకొకరు కాళ్ళు ముడుచుకోవాలి, అది మీ ఇద్దరికీ కుదురుతుందా లేదా అక్కడే తెలుస్తుంది. కుదరకపోతే 19 అడుగులది చూడండి, అందులో తప్పేమీ లేదు. మేమూ అందుకే 17 వద్దనుకున్నాం.

కొన్నాక నేరుగా మోంటానాకు బయలుదేరకండి. మీకు దగ్గర్లో డెంటన్ పైన రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కులో ఒక శుక్రవారం, శనివారం రెండు రాత్రులు ఉండి రండి. వెళ్ళే దారిలో తూకం వేయించండి. మళ్ళీ టేపులు అంటించండి. ఆదివారం ఇంటికి రాగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, టేపు ఊడనివన్నీ దించేయండి. సోమవారం చూద్దాంలే అనుకుంటే ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరుకుతుంది, అవన్నీ మళ్ళీ ట్రైలర్‌లోనే ఉండిపోతాయి.